అప్‌డేట్: బోయింగ్ సీ రేంజర్ ఒక్కటే ఎందుకు మిగిలింది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ 57 సీ రేంజర్ ఎగిరే పడవలకు (నీటి మీదే దిగి, నీటి మీంచే ఎగిరే విమానాలు) ఆర్డర్ ఇచ్చి, ఒక్కదానితోనే ఎందుకు ఆపేసిందని అడిగాను కదా. "డొక్కు విమానం అయ్యుంటుంది" అని చాలామంది తేల్చేశారు. చదివాక నాకు అలా అనిపించలేదు.

ఎక్స్‌పీబీబీ-1 అని నేవీ పిలిచిన ఆ ఒక్క సీ రేంజర్ 1942 జూలైలో ఎగిరింది. దాని రెక్కల పొడవు దాదాపు 140 అడుగులు, ఇంజన్లు మాత్రం రెండే. అసలు చిక్కంతా ఆ ఇంజన్లతోనే. అవి రైట్ కంపెనీ ఆర్-3350లు. ఆర్మీ వారి బీ-29 బాంబర్‌కీ అవే కావాలి, అదీ ఒక్కో విమానానికి నాలుగు చొప్పున. పైగా సీ రేంజర్ల కోసం వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్‌లో కట్టిన ఫ్యాక్టరీ మీద ఆర్మీ కన్నుపడింది. బేరం కుదిరింది: రెంటన్ ఆర్మీకి, బదులుగా నేవీకి బీ-24, బీ-25 లాంటి నేల మీంచి ఎగిరే బాంబర్లలో వాటా. సముద్రం మీద గస్తీకి అవి కూడా సరిపోతాయని అప్పటికే తెలుస్తోంది. ఆ రోజుల్లో ఆర్మీ, నేవీ ఇంత సర్దుకుపోవడమే నాకు వింత!

రెంటన్‌లో తర్వాత వెయ్యికి పైగా బీ-29ఏలు (బీ-29లోనే ఒక రకం) తయారయ్యాయి. మన విమానాశ్రయాల్లో రోజూ కనిపించే బోయింగ్ 737లు వచ్చేదీ అక్కడి నుంచే. ఒంటరి సీ రేంజర్‌కు సిబ్బంది పెట్టిన ముద్దుపేరు 'లోన్ రేంజర్'.

ఇంజన్ల కోణం చూడమన్నవారికి థ్యాంక్స్. ఇక జర్మన్ల భారీ ఎగిరే పడవ బీవీ 238 సంగతి చూడాలి.