తెలుగు వెబ్‌సైటు అన్ని కంప్యూటర్లలో, అన్ని బ్రౌజర్లలో సరిగా కనిపించాలంటే: విశాఖ మిత్రుల అనుభవాలు

ద్వారకానగర్_వెబ్

ద్వారకానగర్‌లోని ఒక పోటీ పరీక్షల శిక్షణ సంస్థ కోసం వెబ్‌సైటు తయారు చేస్తున్నాను. పరీక్షల తేదీలు, ఫీజుల పట్టిక, దరఖాస్తు ఫారం అన్నీ తెలుగులోనే ఉండాలని వారు కోరారు. నా ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో పేజీ కుదురుగానే ఉంది. సంస్థ కార్యాలయంలోని పాత విండోస్ 7 కంప్యూటరులో మాత్రం పై మెనూ రెండు వరుసలుగా విరిగింది. ఐఫోన్‌లో దరఖాస్తు బటన్ తెర అడుగుకు పోయి కనిపించడం లేదు. మరో విద్యార్థి ఫోనులో ‘రాష్ట్ర స్థాయి పరీక్షలు’ అన్న శీర్షికలో వత్తుల కింది భాగం తెగిపోయింది. ఇలాంటి పని చేసినవారు దేనితో మొదలుపెట్టారో, దేనిని పట్టించుకోకుండా వదిలేశారో చెప్పగలరా?

ఋషికొండ_కోడర్

ముందుగా పేజీ మూలంలోని మొదటి పంక్తి చూడండి. అక్కడ డాక్‌టైప్ ప్రకటన, అంటే పేజీ ఏ ప్రమాణంలో రాసిందో బ్రౌజర్‌కు చెప్పే పంక్తి, లేకపోతే బ్రౌజర్లు ఆ పేజీని క్విర్క్స్ మోడ్‌లో, అంటే 1990ల నాటి పేజీలు చెడకుండా ఉండేందుకు నిలిపి ఉంచిన పాత పద్ధతిలో చూపుతాయి. ప్రకటన రాసినా, దానికంటే ముందు పీహెచ్‌పీ (సర్వరులో పేజీని తయారుచేసే భాష) ఇచ్చే హెచ్చరిక ఒకటి పేజీలోకి వచ్చిందంటే ఫలితం అదే. ఈ ఒక్క పంక్తి సరిచూడకుండా సీఎస్ఎస్‌ను, అంటే పేజీ రూపాన్ని చెప్పే రాతను, ఎంత దిద్దినా శ్రమ వృథా అవుతుంది.

బ్రౌజర్ల పేర్లు ఎన్ని ఉన్నా లోపల పేజీని గీసే ఇంజన్లు ప్రధానంగా మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపెరాలలో ఉన్నది 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయిన బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నది గెకో. సఫారీలో ఉన్నది వెబ్‌కిట్. ఎడ్జ్ 2020 జనవరిలో క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీదికి మారింది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15తో మద్దతు ముగిసింది. కాబట్టి పాత వ్యాసాలలో ఎక్స్‌ప్లోరర్ కోసం చెప్పిన కిటుకులన్నీ మీరు నిశ్చింతగా దాటవేయవచ్చు.

ప్రతి బ్రౌజర్‌కూ సొంత ముందస్తు శైలి ఉంటుంది. శీర్షికల చుట్టూ ఖాళీ, జాబితాల జరుగుడు, బటన్ల రూపం అక్కడి నుంచే వస్తాయి. నార్మలైజ్ వంటి చిన్న ఫైలుతో వీటిని ఒక దారికి తెచ్చుకోండి. బటన్లు, ఇన్‌పుట్ పెట్టెలు పేజీ ఫాంటును తమంతట తాము తీసుకోవు కనుక, వాటికి ‘ఫాంట్ ఇన్‌హెరిట్’ అని విడిగా రాయాలి. తేదీ ఎంచుకునే పెట్టె మాత్రం ఒక్కో పరికరంలో ఒక్కోలా ఉంటుంది. దానిని అలాగే వదిలేయమని నా సలహా. తన ఫోనులో అలవాటైన క్యాలెండరే కనబడితే విద్యార్థికి సుఖం.

డాబాగార్డెన్స్_డీటీపీ

మీరు చెప్పిన వాటిలో వత్తులు తెగడానికి, బహుశా మెనూ విరగడానికి కూడా, బ్రౌజర్ కంటే ఫాంటే కారణం. సీఎస్ఎస్‌లో ఏరియల్ అని రాసి వదిలేస్తే, అందులో తెలుగు అక్షరాలు లేవు కనుక బ్రౌజర్ ఆ యంత్రంలో దొరికిన తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది. విండోస్ 7లో అది గౌతమి లేదా వాణి, విండోస్ 8 తరువాత నిర్మలా, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు. వీటి అక్షరాల వెడల్పులు, ఎత్తులు వేరు కాబట్టి ఒక చోట వరుసలో ఇమిడిన మెనూ మరో చోట ఇమడదు. పోనీ గౌతమి పేరే రాద్దామంటే, విండోస్ 10 నుంచి అది విడిగా చేర్చుకోవలసిన అదనపు ఫాంటు అయింది.

అందుచేత ఫాంటును మీ సర్వరు నుంచే పంపించండి. మండలి ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది గానీ అందులో ఒకే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతలను బలవంతంగా లావు చేస్తుంది, అప్పుడు చిన్న సైజులో అక్షరాల లోపలి సున్నాలు పూడుకుపోతాయి. ఫీజుల పట్టికలో బోల్డ్ అవసరం కాబట్టి పలు మందాలున్న నోటో సాన్స్ తెలుగు గానీ అనెక్ తెలుగు గానీ తీసుకోవడం మేలు. వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో పెడితే ఫైలు చిన్నదవుతుంది. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణంలో, తెలుగుకు కేటాయించిన 128 స్థానాలకే ఆ ఫాంటును పరిమితం చేసే పక్షంలో, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల మధ్య కంటికి కనబడకుండా ఉండే విడదీత గుర్తును కూడా ఆ పరిధిలో చేర్చండి. అది ఆ 128లో లేదు. చేర్చకపోతే మాట మధ్యలోనే ఫాంటు మారే ప్రమాదం ఉంది.

ఇంగ్లీషు టెంప్లేట్లలో పంక్తి ఎత్తు చాలాసార్లు అక్షర సైజుకు 1.2 రెట్లు ఉంటుంది. ‘ష్ట్ర’, ‘స్త్రీ’, ‘క్ష్మి’ వంటి అక్షరాలకు అది చాలదు. నేను 1.7 పెడతాను, పక్కన ఏ కొలమానమూ రాయను. బటన్లకూ శీర్షికలకూ స్థిరమైన ఎత్తు ఇవ్వకుండా, కనీస ఎత్తు, లోపలి ఖాళీ ఇస్తే సరిపోతుంది. స్థిరమైన ఎత్తుకు ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ (పెట్టె దాటిన భాగాన్ని దాచేది) తోడైతే వత్తు తెగక మానదు.

సంస్థవారు పాత కరపత్రాల పాఠాన్ని ఇస్తే అది అను ఫాంట్లలో టైపు చేసిందేమో చూడండి. అది యూనికోడ్ కాదు కనుక, ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చి, మార్చిన తరువాత ఒకసారి చదివి దిద్దాలి. యూనికోడ్ అక్షరాలు పేజీలో ఏ రూపంలో ఉన్నాయో చెప్పే యూటీఎఫ్-8 ప్రకటన కూడా పేజీలోని మొదటి 1024 బైట్లలోపే ఉండాలి.

గాజువాక_గ్రాఫిక్స్

ఇంత యాతన ఎందుకండీ? శీర్షికలు, ఫీజుల పట్టిక ఫోటోషాప్‌లో చేసి బొమ్మలుగా పెట్టేస్తే ఏ యంత్రంలోనైనా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఇక్కడి చాలా సంస్థలు అలాగే చేస్తున్నాయి.

మద్దిలపాలెం_టీచర్

గ్రాఫిక్స్ గారూ, ఒకేలా ఉంటాయన్న మాట నిజమే, కానీ ఐదంగుళాల ఫోనులో ఆ పట్టిక ఒకేలా చదవరాకుండా ఉంటుంది. బొమ్మలోని అక్షరాలను గూగుల్‌లో వెతికి పట్టుకోవడం కష్టం, చూపులేని విద్యార్థి వాడే, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అవి అందవు, ఫీజు మారిన ప్రతిసారీ మళ్లీ మీ దగ్గరికే రావాలి. పాడేరు వైపు నుంచి సన్నని సిగ్నల్ మీద పేజీ తెరిచే తల్లిదండ్రులకు ముందు అందవలసింది అక్షరం. బొమ్మ కంటే అది ఎన్నో రెట్లు తేలిక.

ద్వారకానగర్_వెబ్

డీటీపీ గారు చెప్పినట్టు ఫాంటు, పంక్తి ఎత్తు మార్చాక వత్తులు నిండుగా వచ్చాయి. విండోస్ 7 యంత్రంలో మెనూ కూడా ఒక వరుసకు వచ్చింది గానీ, అక్కడ కొన్ని రంగులు, ఫీజుల పట్టిక అమరిక ఇంకా దారికి రాలేదు. నేను టెయిల్‌విండ్ 4 (సిద్ధంగా దొరికే సీఎస్ఎస్ శైలుల సరంజామా) వాడాను. సంస్థవారు ఇప్పట్లో ఆ కంప్యూటరు మార్చేలా లేరు.

ఋషికొండ_కోడర్

కారణం అక్కడే ఉంది. విండోస్ 7లో నడిచే చివరి క్రోమ్ 109. టెయిల్‌విండ్ 4కు కనీసం క్రోమ్ 111, సఫారీ 16.4, ఫైర్‌ఫాక్స్ 128 కావాలి. నెస్టింగ్ (ఒక శైలి నియమం లోపల మరొకటి రాయడం), సబ్‌గ్రిడ్ (బయటి గళ్ల అమరికనే లోపలి పెట్టె కూడా పాటించడం), కొత్త రంగుల రాతలు 109కి తెలియవు. తెలియని పంక్తిని బ్రౌజర్ తప్పు చూపకుండా మౌనంగా వదిలేస్తుంది, అందుకే బ్రౌజర్ తప్పులు చూపే కన్సోల్‌లో వెతికినా ఏమీ దొరకదు. టెయిల్‌విండ్ 3కు వెనక్కి వెళ్లడం సులువైన దారి. లేదా ముందు అందరికీ పనిచేసే రంగు రాసి, దాని కిందనే కొత్త రంగు రాయండి: తెలిసిన బ్రౌజర్ రెండోదాన్ని తీసుకుంటుంది, తెలియనిది మొదటిదాంతో ఆగుతుంది. పట్టిక అమరికకు, బ్రౌజర్‌కు తెలిస్తేనే ఆ శైలిని వర్తింపజేసే ‘సపోర్ట్స్’ నియమం వాడవచ్చు. పాత యంత్రంలో గుండ్రని అంచులు, నీడలు లేకపోయినా నష్టం లేదని సంస్థవారితో ముందే చెప్పి ఒప్పించండి. ఫీజు అంకె, తేదీ, బటన్ — ఈ మూడూ ఎక్కడా చెడకూడదు.

మధురవాడ_టెస్టర్

ఐఫోన్ సంగతి. క్రోమ్‌లో ఫోనులా చూపించే డివైస్ మోడ్ తెర కొలత వంటి పైపై లక్షణాలనే అనుకరిస్తుంది. లోపల నడిచేది బ్లింకే. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ అని పేరున్నది కూడా వెబ్‌కిట్ మీదే నడుస్తుంది కాబట్టి, అందులో బ్రౌజర్ మార్చి చూసి లాభం లేదు. మ్యాక్ లేనివారికి ప్లేరైట్ అనే పరీక్షా సాధనంతో వచ్చే వెబ్‌కిట్ విండోస్‌లోనూ నడుస్తుంది. తొలి వడపోతకు అది చాలు, చివరి తీర్పు మాత్రం ఎవరిదైనా ఐఫోన్ అడిగి తీసుకుని చూశాకే ఇవ్వాలి. మీ బటన్ దాగడానికి బహుశా 100 వీహెచ్ (తెర పూర్తి ఎత్తు) అని రాయడం కారణం: చిరునామా పట్టీ ఆక్రమించిన జాగా అందులో తీసివేయబడదు. ఆ పట్టీని బట్టి మారే డీవీహెచ్ వాడి, దానికి పైన పాత బ్రౌజర్ల కోసం వీహెచ్ పంక్తి కూడా ఉంచండి. ఫారంలోని అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే తాకగానే ఐఫోన్ పేజీని పెద్దది చేస్తుంది, అదీ చూసుకోండి.

ల్యాప్‌టాప్‌లలో జనం మరచిపోయేది విండోస్ స్కేలింగ్, అంటే తెరమీది అన్నిటినీ పెద్దవి చేసి చూపే అమరిక. 1920×1080 తెర 125 శాతంలో ఉంటే బ్రౌజర్ లెక్కకు అది 1536×864 తెర మాత్రమే. విండోస్‌లో స్క్రోల్ పట్టీ కొంత వెడల్పు తీసుకుంటుంది, మ్యాక్‌లో చాలాసార్లు పేజీ పైన తేలుతుంది. అందుకే 100 వీడబ్ల్యూ (పట్టీతో సహా పూర్తి వెడల్పు) అని రాసిన పెట్టె విండోస్‌లో పక్కకు జరుగుతుంది. అక్కడ 100 శాతం అని రాస్తే చాలు.

మద్దిలపాలెం_టీచర్

ఇంకొక్కటి. మా పిల్లలు పరీక్షల తేదీల పేజీని నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుంటారు. బ్రౌజర్లు మామూలుగా వెనుక రంగులను అచ్చు వేయవు, కాబట్టి నీలం పట్టీ మీద తెల్ల అక్షరాలతో ఉన్న తేదీలు కాగితం మీద సరిగా కనిపించకపోవచ్చు. ప్రింటుకు వేరే శైలి రాసి, అక్షరాలు నలుపు చేసి, మెనూను దాచండి. పట్టిక అడ్డువరుస రెండు కాగితాల మధ్య విరగకుండా కూడా అక్కడే చెప్పవచ్చు.