ఒళ్లు వంచి పనిచేసినవారికే వృద్ధాప్యంలో సత్తువ ఉంటుందా?

మెట్లదారి:
కూర్చుని తినేవారికంటే రెక్కల కష్టం మీద బతికినవారే ముసలితనంలో గట్టిగా ఉంటారని నా నమ్మకం. వాడితేనే కదా కండ నిలిచేది! మరి డబ్బు, చదువు, హోదా ఉన్నవారికే చివరిదాకా కాళ్లు సహకరిస్తాయని పరిశోధకులు ఎందుకు అంటారు?

తూనికరాయి:
కండ గురించి మీరన్నది నిజమే. అయితే వ్యాయామం వేరు, చాకిరీ వేరు. వ్యాయామం చేసేవారు అలసిపోతే ఆగుతారు, మర్నాడు విశ్రాంతి తీసుకుంటారు. మూటలు మోసేవారు నడుము పట్టేసినా ఆగలేరు, ఆగితే ఆ పూట కూలి పోతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే కండ మిగిలినా కీళ్లు అరిగిపోతాయి. మా నాన్నగారు 30 ఏళ్లు మూటలు మోశారు. అరవై దాటాక కూడా ఆయన చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేకపోయేవాళ్లం. కానీ చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవలేకపోయేవారు. అందుకే వైద్యులు పిడికిలి పట్టుతో పాటు నడక వేగాన్నీ, కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి పట్టే సమయాన్నీ కొలుస్తారు.

నీటిచాలు:
తిరగేసి ఆలోచించండి. ఒళ్లు సహకరించనివారే పని పోగొట్టుకుని పేదవారవుతారు. బలహీనతే ముందు, పేదరికం తరువాత.

తూనికరాయి:
అలా జరగడమూ ఉంది, కొట్టిపారేయను. కానీ చదువు యౌవనంలోనే ముగుస్తుంది. డెబ్బయ్యో ఏట వచ్చిన కీళ్ల నొప్పి వెనక్కి వెళ్లి ఎవరి చదువునూ ఆపలేదు. అయినా చదువు తక్కువైనవారిలోనే నడవలేనివారు ఎక్కువ. 1985లో లండన్‌లో మైకేల్ మార్మట్ అనే ప్రజారోగ్య పరిశోధకుడు మొదలుపెట్టిన రెండో వైట్‌హాల్ అధ్యయనం చూడండి. అందులోని 10,308 మందీ ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులే, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. తరువాతి కాలంలో వారి నడక వేగం కొలిస్తే, కింది హోదాలో పనిచేసినవారు నెమ్మదిగా నడిచారు. అక్కడ ఎవరూ మూటలు మోయలేదు. కాబట్టి కీళ్ల అరుగుదల ఒక్కటే కారణమని నేనూ అనలేను.

మెట్లదారి:
నా నమ్మకం సడలింది. అయితే వయసు మీరాక చేయగలిగిందేమీ లేదా?

తూనికరాయి:
ఉంది. 1994లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, సంరక్షణాలయంలో ఉంటున్న వంద మంది వృద్ధులలో కొందరికి పది వారాలు కాళ్లతో బరువులు నెట్టే వ్యాయామం చేయించారు. సగటు వయసు 87. వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. నేర్పే మనిషి, తగిన తిండి, తీరిక ఉంటే ఆ వయసులోనూ సాధ్యమే. మా నాన్నగారికి మాత్రం అందరూ చెప్పింది ఒక్కటే: ఇక కదలకుండా కూర్చోమని. ఆయన అలాగే కూర్చున్నారు.