అల్లిన లెదర్ బ్రేస్‌లెట్‌కి క్లాస్ప్ (రెండు కొసల్నీ కలిపే లాక్) ఊడకుండా ఎలా బిగించాలి?

హన్మకొండలో ఇంటి దగ్గరే నాలుగు పోగుల లెదర్ బ్రేస్‌లెట్లు అల్లి అమ్ముతున్నాను. అల్లిక గట్టిగానే వస్తోంది, ఇబ్బందంతా కొసల దగ్గరే. 6 మి.మీ. రంధ్రమున్న స్టీల్ మాగ్నెట్ క్లాస్ప్‌లో కొస దూర్చి సూపర్ గ్లూ వేస్తే మొదట రాయిలా పట్టేస్తుంది. వాడుతుంటే పెళుసుబారి పటుక్కున ఊడుతుంది. చూస్తే గ్లూ పొర తోలునే అంటుకుని ఉంటుంది, స్టీల్ వైపు మాత్రం నున్నగా వదిలేస్తోంది.

అందుకే క్లాస్ప్ లోపల గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ గ్లూ వేద్దామనుకుంటున్నా. కొస విప్పుకోకుండా ముందు దారం చుట్టాలి కదా, మైనం దారమైతే ఎపాక్సీ సరిగ్గా పట్టదేమోనని టెన్షన్. మామూలు దారమే నయమా? లేక కొసకి తొడిగి నొక్కి బిగించే ఎండ్ క్యాప్‌లా?

రాఖీకి ఆర్డర్లు ఉన్నాయి. చెమటకీ, మన ఎండలకీ ఏది తట్టుకుంటుందో వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.