మహిళల ఎన్‌సీఏఏ టోర్నీ: మొదటి రెండు రౌండ్లూ సొంత కోర్టులోనా?

ప్రశ్న: అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో, ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడల సంస్థ) టోర్నీలో, కొన్ని జట్లకు మొదటి రెండు మ్యాచ్‌లూ సొంత ఊళ్లోనే ఎందుకు? పురుషులకు అలా లేదు కదండీ?

జవాబు 1: లేదండీ. 68 జట్లలో టాప్ 16కి, అంటే ప్రతి రీజియన్‌లో (జట్లను పంచే నాలుగు భాగాల్లో ఒక్కోదానిలో) 1 నుంచి 4వ సీడ్ (బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకు) దాకా, ఆతిథ్యం దక్కుతుంది. గ్యాలరీలు నిండుతాయి. అందుకే 4, 5 సీడ్ల మధ్య తేడా ఒక్క అంకె కాదు: 5వ సీడ్ మొదటి మ్యాచ్ గెలిస్తే, తర్వాత మామూలుగా 4వ సీడ్‌తో వాళ్ల కోర్టులోనే తలపడాలి. నా దృష్టిలో ఇది కాస్త అన్యాయమే.

జవాబు 2: స్వీట్ సిక్స్‌టీన్ (చివరి 16 జట్ల దశ) నుంచి ఆ సౌకర్యం ఉండదు. 2023 నుంచి ఆ దశ రెండే నగరాల్లో. ఆ ఏడాది 36-0తో (36 గెలుపులు, ఓటమి లేదు) డల్లస్ ఫైనల్ ఫోర్‌కు (సెమీఫైనల్స్ దశకు) వచ్చిన సౌత్ కరోలినా యూనివర్సిటీ జట్టు అయోవా చేతిలో 77-73తో ఓడింది. 2024 ఫైనల్లో అదే అయోవాను 87-75తో ఓడించి 38-0తో ముగించింది.

జవాబు 3: చూసేటప్పుడు ఫౌల్స్ లెక్క గమనించండి. మహిళలకు 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు. క్వార్టర్‌లో జట్టు ఐదో ఫౌల్ నుంచి ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు).