పొలం నుంచి రాజ్యసభకు వెళ్లిన శరద్ జోషి: రైతుకు ఏం ఒరిగింది?

పరకాల రైతుబిడ్డ (ప్రశ్న):
మేము పత్తి, మిర్చి సాగు చేస్తాం. మొన్న మార్కెట్లో కాంటా దగ్గర ఒక పెద్దాయన మహారాష్ట్ర రైతు నాయకుడు శరద్ జోషి పేరెత్తి, అటువంటి మనిషి మనకు లేకపోయాడని బాధపడ్డారు. ఆయన సేద్యంలోకి ఎలా వచ్చారు, పార్లమెంటుకు వెళ్లాక రైతులకు ఏం చేయగలిగారు అన్నది తెలిసినవారు వివరించగలరు.

హన్మకొండ పాఠకుడు:
జోషి గారు పుట్టుకతో రైతు కారు. 1935లో సతారాలో పుట్టి, తపాలా శాఖలో ఉన్నతోద్యోగం చేసి, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో అంతర్జాతీయ తపాలా సంఘంలో పనిచేశారు. 1970ల చివరలో ఆ కొలువు వదులుకుని కుటుంబంతో తిరిగివచ్చి, పుణె దగ్గర చాకణ్ పక్కనున్న ఆంబేఠాణ్‌లో మెట్ట భూమి కొన్నారు. నాకు ఆయన జీవితంలో అన్నింటికన్నా విలువైనదిగా తోచేది ఆ తర్వాతి ఘట్టమే. దుక్కి, విత్తనం, కూలి, రవాణా అన్నీ లెక్క రాసుకుని, పంట చేతికొచ్చినా పెట్టుబడి తిరిగి రాదని ఆయన తన పొలంలోనే తేల్చుకున్నారు. చాకణ్ ఉల్లి రైతులను కూడగట్టి, 1979లో షేత్కరీ సంఘటన అనే రైతు సంఘాన్ని స్థాపించారు. మరుసటి ఏడాది నాసిక్ ప్రాంతంలో ఉల్లి, చెరకు ధరల కోసం వేలాది రైతులు రోడ్ల మీద, రైలు పట్టాల మీద బైఠాయించారు. ‘భిక్ష వద్దు, మా చెమటకు ధర కావాలి’ అన్నది వారి నినాదం.

రాజ్యసభ సభ్యత్వం 2004లో, డెబ్బై ఏళ్లకు చేరువైన వయసులో వచ్చింది. 2010 వరకు సభలో ఉన్నారు. అక్కడ ఆయన వెనుక నిలబడే పక్షం లేదు. ఆయన చేసిన మేలు కోసం అంతకుముందరి పాతికేళ్లలో వెతకాలని నా అభిప్రాయం.

పెన్‌గంగ ఇవతలి రైతు, ఆదిలాబాద్:
పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. మహారాష్ట్రలో 1972 నుంచి పత్తిని ప్రభుత్వ గుత్త పథకానికే అమ్మాలని, రాష్ట్ర పొలిమేర దాటించరాదని కట్టడి ఉండేది. దానిని జోషి గారు ఎదిరించడం న్యాయమే. అయితే ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే మార్కెట్టే గిట్టుబాటు ధర ఇస్తుందన్న ఆయన నమ్మకం మన నేల మీద నిలవదు. వ్యాపారులు ధర పడగొట్టిన ఏడాది కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రం తెరుచుకోవడమే మనకు దిక్కు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పెడతారు, 12 దాటితే కొననే కొనరు. అయినా ఆ కేంద్రమే లేకపోతే బేరమాడే శక్తి మనకు ఉండదు. 1997-98లో లద్దె పురుగు, పనిచేయని మందులు, మందుల దుకాణాల్లో చేసిన అప్పులు కలిసి వరంగల్ జిల్లా పత్తి రైతులను ఎలా బలిగొన్నాయో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

లెక్క విషయంలో మాత్రం జోషి గారి బాటే సరైనది. ఈనాటికీ మద్దతు ధర కట్టేటప్పుడు చేతి ఖర్చునూ ఇంటిల్లిపాది శ్రమ విలువనూ కలిపి ఒకటిన్నర రెట్లు అంటున్నారే తప్ప, సొంత భూమికి కౌలును, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీని అందులో కలపడం లేదు.

జనగామ మహిళా రైతు:
అన్నలారా, మీరిద్దరూ వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. 1986లో నాసిక్ జిల్లా చాంద్వడ్‌లో ఆయన గ్రామీణ స్త్రీల మహాసభ జరిపించారు. ఆ తర్వాత ‘లక్ష్మీ ముక్తి’ పేరుతో, రైతులు తమ భూమిలో కొంత భాగాన్ని ఇష్టపూర్వకంగా భార్యల పేర రాయించే ఉద్యమం నడిపారు. పత్తి ఏరేదీ కలుపు తీసేదీ మేమే అయినా, పాసుపుస్తకంలో పేరు లేనిదే బ్యాంకు మమ్మల్ని రైతుగా చూడదు. ఆ బాధ ఎరిగి పనిచేసిన నాయకులు అరుదు.

అంతటి మనిషి 2010 మార్చి 9న మహిళా రిజర్వేషన్ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. రాజ్యసభలో 186 మంది అనుకూలంగా నిలవగా, వ్యతిరేకించినది ఆయన ఒక్కరే. రిజర్వు స్థానాలు ప్రతి ఎన్నికకూ మారిపోతే ఏ మహిళా ఒక నియోజకవర్గంలో వేళ్లూనుకోలేదని ఆయన వాదించారు. ఆ వాదనలో బలముంది. అయినా ఆ లోపం సవరణతో పోయేది, దానికోసం బిల్లునే కాదనడాన్ని నేను సమర్థించలేను.