"కొవ్వెక్కిందా?" అంటాం కదా, ఎక్కేది ఎక్కడికి?

ఎవడన్నా పెడసరంగా మాట్లాడితే మా నాయనమ్మ "వీడికి ఒళ్ళు కొవ్వెక్కింది" అనేది, ఎక్కువసార్లు తిట్లు తిన్న మా బాబాయేమో చీపురుపుల్లలా ఉండేవాడు 😀 బలిసింది, కండకావరం, తిన్నదరక్క, అన్నీ ఇదే వరస. పొగరుకీ కొవ్వుకీ ఈ లంకె ఎలా కుదిరిందంటారు?

↳ పశువుల దగ్గర్నుంచి వచ్చుంటుందని నా అంచనా అండీ. పని చెప్పకుండా మేపిన ఎద్దు కాడి కిందకి రమ్మంటే వస్తుందా, కొమ్ములు విసురుతుంది.

↳ పొగరు సంగతేమో గానీ కొవ్వు కబురు తలకెక్కడం మాత్రం నిజమే అన్నా. కొవ్వు కణాల్లోంచి లెప్టిన్ అని ఒక హార్మోన్ రక్తంలోకి వస్తుంది, అది మెదడులో హైపోథాలమస్ అనే భాగానికి చేరి "నిల్వ ఉంది, ఇక చాలు" అని చెప్తుంది. 1949లో అమెరికాలో జాక్సన్ ల్యాబ్‌లో బంతిలా ఊరిపోయిన ఎలుకలు కొన్ని కనబడ్డాయి, తర్వాత డగ్లస్ కోల్‌మన్ అనే ఆయన అలాంటి ఎలుకని మామూలు ఎలుకతో రక్తం కలిసేలా కలిపి కుట్టేస్తే లావుది తిండి తగ్గించింది, బరువు పెరగడమూ తగ్గింది, అంటే రక్తంలో ఏదో కబురు ఉందన్నమాట. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త వాళ్ళు ఆ కబురుని, అంటే లెప్టిన్‌ని, తయారుచేయించే జీన్ పట్టుకున్నారు. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం, పేరు అందులోంచే.

↳ అయితే ఆ లెప్టిన్నే ఇంజెక్షన్‌గా పొడిపించుకుంటే పోలా?

↳ ఒంట్లో అసలు లెప్టినే తయారుకాని వాళ్ళకి బ్రహ్మాండంగా పనిచేసింది. ఎనిమిదేళ్ళకే 86 కిలోలున్న ఒకమ్మాయి ఉండేది ఇంగ్లండులో, ఎంత పెట్టినా ఆకలే, ఇంజెక్షన్లు మొదలెట్టాక తిండి తగ్గి బరువు దిగింది. కానీ అలాంటివాళ్ళు చాలా అరుదు. మామూలుగా లావున్నవాళ్ళ రక్తంలో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, మెదడే సరిగ్గా వినిపించుకోదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ఇంకో శంఖం తెచ్చి ఊదితే ఏం లాభం? పైగా డైటింగ్ చేసి బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచేస్తుంది. అందుకే "నోరు కట్టుకోలేవా" అని ఊరికే అనేస్తుంటే నాకు ఒళ్ళు మండుద్ది.

↳ (పోస్టు పెట్టింది నేనే) అంటే నాయనమ్మ తిట్టుని "కొవ్వెక్కింది గానీ కబురెక్కలేదు" అని మార్చాలేమో. బాబాయికి మాత్రం రెండూ వర్తించవు, ఆయనది ఒట్టి పొగరే.