డ్రాగ్ రేస్ తొలి సీజన్, తొలి ఎపిసోడ్: తొమ్మిది మందిల మీ లెక్కల ఎవరు?

పానగల్_పోరడు:
రూపాల్ డ్రాగ్ రేస్ అంటే డ్రాగ్ కట్టెటోళ్లు, అంటే ఆడవేషం ఏసేటోళ్లు, పోటీపడే అమెరికా టీవీ షో. దాని మొదటి సీజన్ తొలి ఎపిసోడ్ (2009 ఫిబ్రవరి 2, లోగో చానల్) మా నాటక బృందం కూసొని చూసినం. చివరికి ఎవరు గెలిచిర్రో అందరికీ తెలుసు, దాపరికం అక్కర్లే. లొల్లి ఏందంటే, ఆ వారం గెలుపు నినా ఫ్లవర్స్‌కు ఇచ్చుడు, పోర్క్‌చాప్ అనే పోటీదారును ఇంటికి పంపుడు సరైందేనా అని. సగం మంది బీబీ జహారా బెనెట్‌కే ఇయ్యాలె అంటున్నరు.

ఇంకోటి. గదే పద్ధతిల నల్లగొండల చిన్న పోటీ పెడ్తున్నం. ఎనిమిది మంది మొగపిల్లలు, ఆడవేషం, తలా 500 రూపాయల సామాను, ఒక పాటకు పెదవులాడించుడు (లిప్ సింక్). హాల్‌ల ఏసీ లేదు, ఫ్యాన్లే. మార్కులు ఎట్ల పెట్టాలె, ఎక్కడెక్కడ చెడతది, తెలిసినోళ్లు జర చెప్పుర్రి.

గడియారం_చౌరస్తా:
నినాకు ఇచ్చుడే సరైంది తమ్మీ. ఆ వారం ఇచ్చిన పనేంది? పాత బట్టల దుకాణం, డాలర్ దుకాణం సామాను తోని ఒంటి మీదికి బట్ట తయారు చెయ్యాలె. అతిథి జడ్జిగ కూసున్నది బాబ్ మాకీ, గాయని షేర్‌కు ఏండ్ల కొద్ది స్టేజి బట్టలు చేసిన మనిషి. ప్రతి వారం కూసునే సాంటినో రైస్ కూడ బట్టల డిజైనరే. అసొంటోళ్ల ముంగట మొఖం ఎంత సక్కగున్నా, పూస ఎక్కడ కుట్టినవు, అంచు ఎట్ల మడిచినవు అనేదే లెక్కకొస్తది.

నినా బలం ఏందంటే, తలకాయ నుంచి కాలిదాక ఒక్కటే ఆలోచన. పంక్ తీరు (కావాలనే మొరటుగ ఉండే రాక్ పాటగాళ్ల వేషం), కనుబొమ్మల మీదికి పాకే రంగులు, మగ ఆడ రెండూ కలిసిన రూపం. చవక సామానుకు గది మస్తు కుదురుతది. పంక్‌ల అతుకు కనవడ్డా అది వేషంల భాగమే అయితది. రాణి లెక్క రాజసం చూపెట్టే వేషంల అతుకు కనవడిందంటే పని ఒడిసింది.

బీబీ విషయానికొస్తే నడక, మెడ నిలిపే తీరు, జడ్జిల కండ్లల్ల కండ్లు పెట్టి చూసుడు... ఈ మూడిట్ల మిగిలిన ఎనిమిది మంది దగ్గరికి గూడ రారు. కామెరూన్‌ల పుట్టి మినియాపొలిస్‌ల పేరు తెచ్చుకున్న మనిషి. సీజన్ గెలిచింది ఆమెనే, నినాది రెండో స్థానం. మీ సగం మంది చూపు తప్పని అనను. వాళ్లు సీజన్ మొత్తానికి మార్కులేస్తున్నరు, జడ్జిలు ఆ ఒక్కపూట బట్టకు ఏసిర్రు.

మిగిలినోళ్లల్ల ఓంజినా నాకు ఇష్టం. విగ్గు లేకుంట గుండు మీద చిన్న టోపీ పెట్టి నిలవడ్డది. విగ్గు తీసేస్తే తల చిన్నగ, భుజాలు పెద్దగ కనవడ్తయి. ఓంజినా సన్నటి మనిషి కాబట్టి నడిచింది, భుజాలు వెడల్పున్నోళ్లు ఆ పని చెయ్యొద్దు. షనెల్ లాస్ వేగస్ స్టేజి మనిషి, మేకప్ గట్టి. ట్యామీ బ్రౌన్ పాత హాలీవుడ్ పిచ్చిది, నవ్విస్తది, చెప్పిన పని మాత్రం చెయ్యదు. రెబెకా గ్లాస్‌కాక్‌ది అందమైన మొఖం, ఆ మొఖమే మూడో స్థానం దాక తీస్కపోయింది. జేడ్ గురించి తొలి ఎపిసోడ్‌ల చెప్పేటందుకు పెద్దగ ఏం లేదు.

మూసీ_గట్టు:
చౌరస్తా అన్నా, పోర్క్‌చాప్ ఊసే ఎత్తకుండా దాటేశారు. విక్టోరియా పోర్క్‌చాప్ పార్కర్ డ్రాగ్ పేజెంట్లలో, అంటే ఆడవేషం అందాల పోటీల్లో, ఏళ్ల తరబడి పండిన మనిషి. పేజెంట్ పోటీలో గౌను నెలల ముందు నుంచి తయారవుతుంది, కుట్టేవాళ్లు వేరే ఉంటారు. వేదిక మీదికి వచ్చేసరికి ఒక్క దారం కూడా వేలాడకూడదు. అలాంటి మనిషి ముందు చవక సామాను పోసి, గంటల్లో తేల్చమన్నారు. ఆమె ఓడింది ప్రతిభ లేక కాదు, తనకు అలవాటు లేని పనిలో.

ఆ వారం అట్టడుగున నిలిచిన ఇద్దరిలో ఎవరు ఇంటికి పోవాలో తేల్చే పెదవులాడించే పోరులో ఆమెకు అకాషియా ఎదురైంది. పాట రూపాల్ సొంత పాట 'సూపర్‌మోడల్'. అకాషియా నిలబడింది సరే, తర్వాతి రెండు వారాలూ అట్టడుగు ఇద్దరిలోనే ఉండి మూడో వారం వెళ్లిపోయింది. కాబట్టి తొలి వారం పోయినవాళ్లు రెండో మూడో వారం పోయినవాళ్ల కంటే తక్కువని లెక్క కట్టలేం.

దీనికి ఇంకా గట్టి రుజువు 13వ సీజన్. 2021 జనవరి 1న వచ్చిన తొలి ఎపిసోడ్‌లో లోపలికి అడుగుపెట్టగానే జతలు జతలుగా పెదవులాడించారు. ఓడినవాళ్లను కూర్చోబెట్టిన చోటికి పోర్క్‌చాప్ పేరే పెట్టారు. సిమోన్ గెలిచి ముందుకు పోయింది, సీజనూ గెలిచింది. కానీ అదే రౌండ్‌లో ఓడిన రోజే అనే పోటీదారు కూడా ఫైనల్ దాకా వచ్చింది. తొలి రోజు మార్కులతో ఎవరినీ ఇంటికి పంపొద్దు, రెండు రౌండ్ల మొత్తం చూసి తేల్చండి. ఎనిమిది మందే కాబట్టి ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ప్రవేశం గురించి ఒక జాగ్రత్త. 6వ సీజన్‌లో వివేషియస్ మొఖమంతా కప్పుకుని, నెత్తి మీద ఇంకో తలకాయ బొమ్మ పెట్టుకుని వచ్చింది. విప్పి మొఖం చూపించాల్సిన చోట జిప్పు ఇరుక్కుపోయింది. చూసేవాళ్లకు ఆ ప్రవేశంలో గుర్తుండిపోయింది ఆ జిప్పే. ఒకటి విప్పి లోపల ఇంకోటి చూపించాలనుకునే పిల్లలకు జిప్పు వద్దని చెప్పండి. వెల్క్రో పెద్ద ముక్క ఒకటి కాకుండా, అంగుళం ముక్కలు నాలుగు వేళ్ల ఎడంతో కుట్టిస్తే ఒక్క లాగుతో వస్తుంది. పొడవాటి పట్టీ వేస్తే సగంలో ఆగుతుంది, బట్టను కూడా లాక్కుపోతుంది.

పేట_జరీ:
కుట్టు సంగతి నేను చెప్త. 500ల ఏది లెక్కకొస్తది, ఏది రాదు అనేది ముందే రాసిపెట్టుర్రి. ఇంట్ల ఉన్న గద్వాల చీర తెచ్చినోడికి, ఏం లేక షామియానా బట్ట కొన్నోడికి ఒక్క తీరు మార్కులు ఏస్తే లొల్లే. ఒక పద్ధతి ఏందంటే, ఇంటి నుంచి ఒక్క బట్ట, ఒక విగ్గు, చెప్పులు తెచ్చుకోవచ్చు, మిగిలిందంత 500ల నుంచే, చిట్టీలు చూపెట్టాలె.

ఒడ్డు పొడువు సంగతే అసలు కిటుకు. మొగపిల్లల భుజాలు వెడల్పు, తుంటి సన్నం. భుజం నుంచి భుజం దాక కొలిచి, ఎదురుంగ చూస్తే తుంటి కూడ గంతే వెడల్పు కనవడేటట్టు ఫోమ్ పెట్టాలె. పరుపుల దుకాణంల దొరికే 2 అంగుళాల ఫోమ్ చాలు. ఒక్కో పక్కకు 14 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, కోడిగుడ్డు ఆకారంల కోసి, అంచులు కాగితమంత పలుచగ అయ్యేదాక కత్తెరతోని చెక్కాలె. అందరు చేసే తప్పు రెండు తీర్లు. అంచు చెక్కక పోవుడు ఒకటి, లైటు పడంగనే గీత కొట్టొస్తది. నడుం కాడికే పెట్టుడు ఇంకోటి. మందం ఎక్కువ ఉండాల్సింది తొడ ఎముక కీలు కాడ, నడుం కాడ కాదు. మీద మందపాటి స్టాకింగ్స్ రెండు మూడు ఏస్తే ఫోమ్ కదలదు. తర్వాత లంగా.

చీరకొస్తే, కొత్తోళ్లకు నారాయణపేట నూలు చీరనే మేలు. కుచ్చిళ్లు నిలుస్తయి, జారదు. గద్వాలది ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచు బరువుకు ఫోమ్ మీద కుచ్చిళ్లు కిందికి గుంజుతయి. కట్టాల్సిందే అంటే ప్రతి రెండు కుచ్చిళ్లకు ఒక పిన్ను లంగా నాడా దాక తీసి పెట్టాలె, పైట భుజం మీద ఒకటి, నడుం ఎనుక ఒకటి. కొంగు అంచులకెల్లి మాత్రం పిన్ను గుచ్చొద్దు, జరీ పోగు తెగితే మళ్ల అతకదు.

జిగురు ముచ్చట జర జాగ్రత్త. గ్లూగన్ జిగురు ఆ రోజు పట్టుకుంటది కని బట్ట వంగే చోట, మోచేతి కాడ, నడుం కాడ చెమటకు, కదలికకు ఊడుతది. అక్కడ సూదిదారమే. రంగు రాళ్లు, అద్దాలు కదలని చోట పెడితే గ్లూగన్ నడుస్తది. ఫెవిక్విక్ అసొంటి జిగురు నూలు బట్ట మీద, దూది మీద అస్సలు పొయ్యొద్దు. నూలు తగలంగనే అది ఒక్కసారి వేడెక్కి, పొగొచ్చి, కింద తోలు కాలుతది. ఒంటి మీద బట్ట ఉండంగ ఏ జిగురు పని చెయ్యొద్దని రూలే పెట్టుర్రి.

మేకప్_డబ్బా:
నినా మొఖం చూసి మనోళ్లు గూడ గట్లనే పెద్ద గీతలు గీస్తరు. గీత కంటే ముందు గడ్డం నీడ పోవాలి. వేషం ఎంత మంచిగున్నా పైపెదవి మీద నీలం బూడిద రంగు కనిపిస్తే అంతే.

గడ్డం మేకప్‌కు అరగంట ముందు గీసుకోవాలి. గీసిన ఎంబడే క్రీమ్ పెడితే మండుతది, రంధ్రాలల్ల దిగి చుక్కలు చుక్కలు కనిపిస్తయి. మన చామనఛాయ, నల్లటి ఒంటికి ఇటుక రంగు లేకపోతే ముదురు నారింజ రంగు క్రీమ్ గడ్డం వచ్చే చోట మాత్రమే స్పాంజితోని అద్దాలి, రాయొద్దు. పలుచగ. మీద పౌడర్ గట్టిగ ఒత్తి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు ఒంటి రంగు ఫౌండేషన్. మధ్యల పౌడర్ లేకుంటే నారింజ రంగు పైకొచ్చి మూతి చుట్టు మొత్తం ఎర్రబడ్తది. ఇంకో తప్పు, మొఖం తెల్లగ ఏసి మెడ వదిలేసుడు. బ్లౌజు మెడ దాక, చెవుల దాక పోవాలి.

కనుబొమ్మలు మాయం చెయ్యాలంటే పిల్లలు బడిల వాడే గ్లూస్టిక్కే. నీళ్లతోని పోయే రకం చూసుకోండి. ముందు సబ్బుతోని కడిగి జిడ్డు తీయాలి, జిడ్డుంటే సగం పాట కాడ వెంట్రుకలు లేస్తయి. వెంట్రుకలకు ఎదురుగ ఒకసారి, వాలుగ ఒకసారి రాసి, దువ్వెనతోని పైకి దువ్వి, గరిటె కాడ అసొంటి దానితోని చదునుగ ఒత్తాలి. ఆరినంక మళ్ల ఒక పూత. మందపాటి కనుబొమ్మలకు మూడు నాలుగు పూతలు పడ్తయి, పూతపూతకు ఆరాలి. దానికే అరగంట పోతది. కొత్త పిల్లలైతే కనుబొమ్మల జోలికి పోకుండ కొసలు మాత్రమే అతికి, గీత పైకి తిప్పితే సరిపోతది. తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్ల బట్ట పెట్టి నాననియ్యాలి, గుంజితే వెంట్రుకలు ఊడొస్తయి.

ఏసీ లేదంటున్నరు కాబట్టి చెమట గురించి. మేకప్‌కు ముందు మొఖం మీద ఐదు నిమిషాలు ఐసుగడ్డ బట్టల చుట్టి అద్దండి. చెమట పట్టినప్పుడు తుడవొద్దు, టిష్యూ పెట్టి ఒత్తి తీయాలి, మీద పౌడర్. ఎండకాలమైతే పోటీ రాత్రి ఎనిమిది దాటినంకనే పెట్టుకోండి.

గట్టిగ చెప్పేది ఇంకోటుంది. పాత భాగోతం మేకప్ అని అరదళం, ముర్దారుసింగి, ఇంగిలీకం తెచ్చి పూస్తమంటరు ఎవరో ఒకరు. అరదళంల ఆర్సెనిక్, ముర్దారుసింగిల సీసం, ఇంగిలీకంల పాదరసం. మొఖానికి, పెదవులకు అస్సలు వద్దు. ఆ పసుపు వన్నె కావాలంటే ఫౌండేషన్‌ల పసుపు రంగు క్రీమ్ కలిపితే వస్తది.

పానగల్_పోరడు:
మస్తుగ చెప్పిర్రు అందరు. పెదవులాడించుడు మీద ఇంకా ఎవరు చెప్పలే. మా దాంట్ల ఇద్దరు సొంతంగ పాడ్తమంటున్నరు, ఒప్పుకోవాల్నా?

మద్దెల_దరువు:
ఒప్పుకోవద్దు. అది వేరే పోటీ. 2021ల వచ్చిన క్వీన్ ఆఫ్ ది యూనివర్స్ అట్ల సొంతంగ పాడే డ్రాగ్ పోటీనే, మన దేశం నుంచి రాణీ కోహినూర్ పాల్గొన్నది. పాడేటోళ్లను, పెదవులాడించేటోళ్లను ఒక్క తరాజుల తూస్తే ఇద్దరికీ అన్యాయమే.

పెదవులాడించేటప్పుడు జడ్జిలు చూడాల్సింది చేతులు కాదు, మూతి. తెలుగు పాటల లైను కొస అచ్చు మీద ఆగుతది. గాయని 'ఆ' అని సాగదీస్తుంటే పిల్లలు మూతి ముందే మూస్తరు, దొరికిపోతరు. ప, బ, మ వచ్చిన కాడ రెండు పెదవులు పూర్తిగ కలవాలె. లైనుకు ముందు గాయని ఊపిరి తీసుకున్న కాడ వీళ్లు కూడ ఛాతి లేపి తీసుకోవాలె. మాటలు వచ్చినా ఊపిరి తప్పుతదని, సౌండ్ బందు చేసి ఫోన్‌ల రికార్డు చేసి, ఆ వీడియో మీద పాట పెట్టి చూసుకోమనుర్రి. ఎక్కడ తప్పిందో ఎంబడే కనవడ్తది. పాట మూడు నిమిషాలు దాటొద్దు.

ట్యామీ బ్రౌన్ రెండో వారం ఓడింది ఇక్కడనే. పాట నడుస్తుంటే మాటలు సరిగ పలకనే లేదు, సొంత ధోరణిల ఊగుకుంట ఉన్నది. ఆమెను ఇష్టపడేటోళ్లకు అది గూడ నచ్చుతది, మార్కులైతే రావు.

జడ గురించి ఎవరు అనలే. కూచిపూడిల వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ కడితే జడ కూడ ఒక పాత్ర లెక్కనే ఆడేది. మీవోళ్లు సవరం పెట్టి జడ ఏస్తే, కింద సొంత జుట్టును చిన్న చిన్న పిలకలు కట్టి వాటికే పిన్నులు దిగ్గొట్టాలె. జుట్టు పొట్టిగున్నోళ్లు గుడ్డపట్టీ తలకు బిగించి దానికి కుట్టాలె. ఒక్కసారి తల గట్టిగ ఊపి, ముంగటికి వంగి చూసినంకనే స్టేజి మీదికి పంపుర్రి.

మార్కులు: బట్టకు 40, పెదవులకు 30, మొఖానికి 20, నడకకు 10. తొలి రౌండ్ బట్టదే కాబట్టి దానికే ఎక్కువ. మూసీ గట్టు చెప్పినట్టు రెండు రౌండ్లు కలిపి లెక్క కట్టాలె. ముగ్గురు జడ్జిలల్ల ఒకరికి కుట్టు తెలిసుండాలె. మాట్లాడుకునే ముందే ఎవరి కాగితం మీద వాళ్లు రాసియ్యాలె, లేకుంటే గట్టిగ మాట్లాడేటోడి మాటే అందరి మార్కు అయితది. పిలిచేటప్పుడు వేషం పేరుతోనే, 'ఆమె' అనే పిలవాలె. ముందు వరసల కూర్చొని వెకిలి కూతలు కూసేటోడిని తొలి కూతకే బయటికి పంపేటందుకు ఇద్దరిని పెట్టుకోండి.

ఫ్యాన్లు స్టేజికి పక్కల నుంచి పెట్టుర్రి, ఎనుక నుంచి పెడితే విగ్గు మొఖం మీదికి వస్తది, ఎదురుంగ పెడితే పైట లేచి పిన్నులు బయటపడ్తయి.